మారవలసినదీ, మారకూడనిదీ – జావా ప్రోగ్రాములలో డేటాబేస్ సవరణల పరీక్ష

(ప్లాటినం జూబిలీ సందర్భంగా జరిగిన విద్యాగోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదు సంవత్సరాలు నిండిన ఏ పాఠశాలలోనైనా అత్యంత విలువైన పుస్తకం గ్రంథాలయంలో ఉండదు. ప్రధానోపాధ్యాయుల గదిలోని బీరువాలో ఉంటుంది. అదే అడ్మిషన్ రిజిస్టరు. బిడ్డ పేరు, ఇంటి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మాతృభాష, చేరిన తరగతి అందులో ఒక్క వరుసలో ఇముడుతాయి. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై ఉద్యోగానికో, పాస్‌పోర్టుకో, పింఛనుకో దరఖాస్తు పెట్టుకొన్ననాడు పుట్టిన తేదీకి సాక్ష్యం కావలసివస్తే ఆ వరుస వద్దకు తిరిగి రావలసి రావచ్చు. ఇంటి పేరు, మాతృభాష ఆ ఊరి పొరుగు భాషకు భిన్నమైన కుటుంబాలకు ఆ వరుస మరింత అవసరం.

ఆ రిజిస్టరులో తప్పు దొర్లితే దిద్దే పద్ధతి ఒకటున్నది. పాత మాటను చెరిపివేయరు. దానిపై ఒక్క గీత గీసి, ప్రక్కన ఎర్ర సిరాతో కొత్త మాట వ్రాసి, ప్రధానోపాధ్యాయులు తేదీ వేసి సంతకం చేస్తారు. గీత క్రింద పాత మాట కనిపిస్తూనే ఉంటుంది. దిద్దినది పొరపాటైతే వెనుకకు పోవడానికి దారి ఉంటుంది.

నేడు అనేక పాఠశాలల, కార్యాలయాల, బ్యాంకుల రిజిస్టర్లు కంప్యూటరులోకి చేరాయి. అక్కడ దిద్దుబాటు చేసేది ఒక వాక్యం. దానిని అప్‌డేట్ క్వెరీ అంటారు. దానికి ఎర్ర సిరా లేదు. ప్రత్యేకమైన ఏర్పాటు చేసుకొంటే తప్ప, మార్పు ఖాయమైన తరువాత పాత మాట ఏమిటో ఆ పట్టికలో తెలియదు. ఒక్క వాక్యం ఒక్క క్షణంలో ఒక వరుసను దిద్దవచ్చు, లక్ష వరుసలనూ దిద్దవచ్చు. కావున అసలు రిజిస్టరుపైకి పంపక ముందే ఆ వాక్యాన్ని పరీక్షించాలి. ఆ పరీక్ష ఎలా ఉండాలన్నదే ఈ ప్రసంగ విషయం. ఇది బెంగుళూరు, చెన్నై, భువనేశ్వర్, పుణె నగరాలలో సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉన్న పూర్వ విద్యార్థులకు ఎంత అవసరమో, రిజిస్టరు బాధ్యత వహించే ఉపాధ్యాయులకూ అంత అవసరం.

అప్‌డేట్ వాక్య స్వరూపం

1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఇ.ఎఫ్. కాడ్, సమాచారాన్నంతటినీ పట్టికల రూపంలో భావించే రిలేషనల్ విధానాన్ని ప్రతిపాదించారు. 1974లో అదే సంస్థలోని డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఆ పట్టికలతో సంభాషించడానికి ఒక భాషను రూపొందించారు. అదే నేటి ఎస్‌.క్యు.ఎల్‌. ఇది 1986లో అమెరికాలోనూ, 1987లో అంతర్జాతీయంగానూ ప్రమాణంగా ఆమోదం పొందింది. జావా భాష 1995లో వెలువడింది. 1997లో వచ్చిన జె.డి.కె. 1.1తో పాటు జె.డి.బి.సి. అనే వారధి వచ్చింది. జావా ప్రోగ్రాము ఎస్‌.క్యు.ఎల్‌. వాక్యాన్ని డేటాబేసుకు పంపడం ఆ వారధి ద్వారానే.

అప్‌డేట్ వాక్యంలో మూడు భాగాలు ఉంటాయి. ఏ పట్టికను దిద్దాలన్నది మొదటిది. ఏ గడిలో ఏమి వ్రాయాలన్నది రెండవది, దీనిని 'సెట్' అంటారు. ఏ వరుసలకు ఈ మార్పు వర్తిస్తుందన్నది మూడవది, దీనిని 'వేర్' అంటారు. అన్నింటికన్న ముఖ్యమైన ఈ మూడవ భాగం వ్యాకరణరీత్యా ఐచ్ఛికం. దానిని వ్రాయడం మరచిపోతే వాక్యం తప్పు కాదు. పట్టికలోని అన్ని వరుసలకూ వర్తించే సక్రమమైన వాక్యంగానే డేటాబేస్ దానిని స్వీకరిస్తుంది.

మిగిలిన వాక్యాలతో పోల్చి చూస్తే దీని ప్రత్యేకత తెలుస్తుంది. సమాచారాన్ని చదివే వాక్యంలో తప్పు ఉంటే చూపినది తప్పవుతుంది గాని రిజిస్టరు చెడదు. క్రొత్త వరుస చేర్చే వాక్యంలో తప్పు ఉంటే అదనపు వరుస కంటికి కనిపిస్తుంది. వరుసను తీసివేసే వాక్యంలో తప్పు ఉంటే లెక్క తగ్గుతుంది. దిద్దే వాక్యంలో తప్పు ఉంటే వరుసల లెక్క సరిపోతుంది, గడులు నిండుగా ఉంటాయి, రిజిస్టరు చక్కగానే కనిపిస్తుంది. ఏదో ఒకనాడు ఒక తల్లి తన బిడ్డ పేరు ఇది కాదని వచ్చి చెప్పేవరకు తప్పు బయటపడదు.

యూనిట్ టెస్ట్

ప్రోగ్రాములోని ఒక చిన్న భాగాన్ని విడిగా తీసుకొని, దాని పనిని మరొక చిన్న ప్రోగ్రాము చేత పరీక్షింపజేయడమే యూనిట్ టెస్ట్. జావాలో ఈ అలవాటును వ్యాప్తి చేసినది జె-యూనిట్ అనే ఉపకరణం. కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో జ్యూరిక్ నుండి అట్లాంటాకు విమానంలో పోతూ దీని తొలి రూపాన్ని వ్రాశారన్నది ఆ వృత్తిలోని వారందరికీ తెలిసిన విషయమే. పరీక్షకు మూడు అంచెలుంటాయి. మొదట పరిస్థితిని అమర్చాలి. తరువాత పరీక్షించవలసిన పనిని చేయించాలి. చివర ఫలితం అనుకొన్నట్లే వచ్చిందో లేదో సరిచూడాలి. అప్‌డేట్ వాక్యానికి వచ్చేసరికి ఈ మూడు అంచెలలోనూ ప్రత్యేకమైన జాగ్రత్తలు అవసరమవుతాయి. ఉపాధ్యాయులందరికీ అనుభవమైన ఒక ఉదాహరణను తీసుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది.

సంవత్సరాంతపు ప్రమోషను

విద్యాసంవత్సరం ముగిసినప్పుడు ఉత్తీర్ణులైన పిల్లలను పై తరగతికి పంపాలి. పదవ తరగతి ముగించినవారిని 'చదువు పూర్తి' అని గుర్తించాలి. ఈ పనికి ప్రోగ్రాము వ్రాసినవారు రెండు వాక్యాలు వ్రాశారనుకొందాం. ఒకటి, ఉత్తీర్ణులైన వారి తరగతికి 1 కలపడం. రెండు, పదవ తరగతిలో ఉన్న ఉత్తీర్ణుల స్థితిని 'చదువు పూర్తి'గా మార్చడం. విడివిడిగా పరీక్షిస్తే రెండూ సరియైన వాక్యాలే అనిపిస్తాయి. ఐతే ఈ వరుసలోనే నడిపితే ఏమవుతుంది? మొదటి వాక్యం తొమ్మిదవ తరగతి పిల్లలను పదికి తెస్తుంది, పదవ తరగతి వారిని లేని పదకొండుకు పంపుతుంది. రెండవ వాక్యం ఇప్పుడు పదిలో ఉన్నవారిని, అనగా నిన్నటి తొమ్మిదవ తరగతి వారిని, చదువు ముగించినవారిగా గుర్తిస్తుంది. పదవ తరగతి చదవకుండానే పిల్లలు పాఠశాల విడిచినట్లు రికార్డు తయారవుతుంది.

దీనినిబట్టి పరీక్షకు 'యూనిట్' అంటే ఒక్కొక్క వాక్యం కాదని తెలుస్తుంది. ఒక పనిగా నడిచే వాక్యాలన్నింటినీ కలిపి వాటి క్రమంలోనే పరీక్షించాలి.

ఇక అమర్చవలసిన పరిస్థితిని చూద్దాం. పరీక్షకు వేలకొద్దీ వరుసలు అవసరం లేదు. ఆరు వరుసలు చాలు, ఐతే వాటిని ఆలోచించి ఎంపిక చేయాలి. ఎనిమిదవ తరగతిలో ఉత్తీర్ణుడైన బాలుడు ఒకడు, తొమ్మిదిలో ఉత్తీర్ణురాలైన బాలిక ఒకతె, పదిలో ఉత్తీర్ణుడు ఒకడు – ఈ ముగ్గురి వరుసలూ మారాలి. తొమ్మిదిలో తప్పినవాడు ఒకడు, ఉత్తీర్ణుడై టి.సి. తీసుకొని వెళ్ళిపోయినవాడు ఒకడు, ఫలితం గడి ఖాళీగా ఉన్న బాలిక ఒకతె – ఈ ముగ్గురి వరుసలను మొదటి అంచనాగా మారనివిగా భావించవచ్చు. అనుభవం లేనివారు వ్రాసే పరీక్షలో సాధారణంగా మొదటి ముగ్గురే ఉంటారు. అటువంటి పరీక్షలో 'వేర్' భాగం పూర్తిగా ఊడిపోయినా అంతా సవ్యంగానే ఉన్నట్లు కనిపిస్తుంది. ఎందుకంటే, ఆ పట్టికలో మారకూడని వరుస ఒక్కటీ లేదు గదా! అప్‌డేట్ పరీక్షకు ప్రాణం మారకూడని వరుసలే.

ఆరవ బాలిక ప్రత్యేకంగా గమనింపదగినది. ఎస్‌.క్యు.ఎల్‌.లో ఖాళీ గడిని, అనగా నల్‌ను, దేనితో పోల్చినా వచ్చే సమాధానం 'అవును' కాదు, 'కాదు' కూడా కాదు. 'తెలియదు' అన్నది మూడవ సమాధానం. 'ఫలితం అనుత్తీర్ణం కానివారు' అని షరతు వ్రాస్తే ఖాళీ గడి ఉన్న బాలిక అందులోకి వస్తుందని సామాన్య బుద్ధికి తోస్తుంది. కాని రాదు. వేర్ భాగం 'అవును' అన్న వరుసలనే స్వీకరిస్తుంది. ఆ బాలికను పై తరగతికి పంపాలా వద్దా అన్నది నిర్ణయించవలసినది పాఠశాల. పరీక్షలో ఆ వరుస ఉంటేనే ప్రోగ్రామరు వెళ్ళి ప్రధానోపాధ్యాయులను ఆ ప్రశ్న అడుగుతాడు. లేకపోతే ఆ నిర్ణయాన్ని ఎవరికీ తెలియకుండా నల్ తీసుకొంటుంది.

మరొక ప్రశ్న. గుమాస్తా మీటను ఒకసారి నొక్కి, తెర కదలలేదని మళ్ళీ నొక్కితే? తరగతికి 1 కలిపే వాక్యం రెండుసార్లు నడిస్తే ఆరవ తరగతి పిల్లవాడు ఎనిమిదికి పోతాడు. దీనికి విరుగుడుగా వరుసలో విద్యాసంవత్సరాన్ని కూడా ఉంచి, 'ఈ సంవత్సరపు వరుసలను మాత్రమే దిద్ది, వచ్చే సంవత్సరానికి మార్చుము' అని వ్రాస్తే రెండవసారికి వాక్యానికి వరుసలే దొరకవు. పరీక్షలో ఆ పనిని వెంటవెంటనే రెండుసార్లు చేయించి, ఒకసారి చేసిన ఫలితమే నిలిచిందో లేదో చూడాలి.

లెక్క సరిపోతే చాలదు

జె.డి.బి.సి.లో అప్‌డేట్ వాక్యాన్ని నడిపే ఎగ్జిక్యూట్‌అప్‌డేట్ అనే క్రియ ఒక సంఖ్యను తిరిగి ఇస్తుంది. అది ఎన్ని వరుసలకు వాక్యం వర్తించిందో చెప్పే సంఖ్య. ఒక విద్యార్థి పుట్టిన తేదీని దిద్దే వాక్యం 1 అని చెప్పాలి. 0 అంటే ఆ విద్యార్థి దొరకలేదు, 2 అంటే షరతు వదులుగా ఉన్నది. పరీక్షలోనే గాక అసలు ప్రోగ్రాములోనూ ఈ సంఖ్యను చూసి, 1 కాకపోతే మార్పును రద్దు చేయడం మంచి పద్ధతి.

ఐనా ఆ సంఖ్యతోనే తృప్తి పడరాదు. ముగ్గురు మారాలి అన్నచోట వేరే ముగ్గురు మారినా సంఖ్య మూడే. పైగా సంఖ్యకు అర్థం అన్నిచోట్లా ఒకటి కాదు. మై-ఎస్‌.క్యు.ఎల్‌.తో జావాను కలిపే కనెక్టరు, వేరుగా అమర్చకపోతే, షరతుకు సరిపడిన వరుసల సంఖ్యను ఇస్తుంది. వాటిలో కొన్నింటి విలువ నిజంగా మారకపోయినా వాటినీ లెక్కిస్తుంది. కావున పని జరిగిన తరువాత పట్టికను వేరొక వాక్యంతో మళ్ళీ చదివి, ప్రతి వరుసనూ, ప్రతి గడినీ ముందు అనుకొన్న దానితో పోల్చాలి. ఈ విధంగా పట్టిక మొత్తాన్ని పోల్చడానికి డి.బి.యూనిట్ వంటి ఉపకరణాలు 2000ల తొలి సంవత్సరాల నుండి ఉన్నాయి. ఆరు వరుసల పట్టికకు అవి లేకపోయినా ఇబ్బంది లేదు.

పరీక్షలో వాడే విలువలు కూడా ఒకదానితో మరొకటి కలవకుండా ఉండాలి. జావాలో వాక్యాన్ని వ్రాసేటప్పుడు విలువల స్థానంలో ప్రశ్నార్థకాలు ఉంచి, మొదటి దానికి ఇది, రెండవ దానికి ఇది అని తరువాత నింపుతారు. తరగతినీ, ప్రవేశ సంఖ్యనూ తారుమారుగా నింపితే రెండూ అంకెలే గనుక జావా అభ్యంతరం చెప్పదు. పరీక్షలో ప్రవేశ సంఖ్య 7, క్రొత్త తరగతి కూడా 7 అని పెట్టుకొంటే ఆ పొరపాటు ఎన్నటికీ దొరకదు. ప్రవేశ సంఖ్య 1427 అని పెడితే వెంటనే దొరుకుతుంది.

ఒక్క కుండలీకరణం విలువ

భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, స్థానిక సంస్థా కృషి చేయాలని భారత రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతున్నది. ఇది 1956లో ఏడవ సవరణ ద్వారా చేరింది. ఆ సౌకర్యాలను కోరేవారు చూపవలసినది లెక్క. తెలుగు మాధ్యమంలో ఎంతమంది పిల్లలు ఉన్నారన్నది రిజిస్టరులోని 'మాధ్యమం' అనే గడి చెబుతుంది.

ఇప్పుడు ఒక పాఠశాలలో నాలుగవ, ఐదవ తరగతుల 'బి' విభాగాలను మాత్రమే ఇంగ్లీషు మాధ్యమంగా మార్చారని ఊహించండి. ప్రోగ్రామరు 'తరగతి 4 లేదా తరగతి 5 మరియు విభాగం బి' అని షరతు వ్రాశాడు. చదివేవారికి అర్థం స్పష్టంగానే ఉన్నది. కాని ఎస్‌.క్యు.ఎల్‌.లో 'మరియు'కు 'లేదా' కన్న బిగువు ఎక్కువ. డేటాబేసుకు అది 'నాలుగవ తరగతి మొత్తం, లేదా ఐదవ తరగతి బి విభాగం' అని వినిపిస్తుంది. తెలుగు మాధ్యమంలో చదువుతున్న నాలుగవ తరగతి 'ఎ' విభాగం పిల్లలందరూ ఒక్క క్షణంలో ఇంగ్లీషు మాధ్యమంలోకి పోతారు. తరగతి గదిలో తెలుగు వాచకమే ఉంటుంది, ఉపాధ్యాయురాలు తెలుగులోనే పాఠం చెబుతుంటారు, పైకి పంపే లెక్కలో మాత్రం ఆ పిల్లలు ఉండరు. 'లేదా' భాగం చుట్టూ ఒక కుండలీకరణం పెడితే దోషం తీరిపోతుంది. నాలుగవ తరగతి 'ఎ' విభాగపు విద్యార్థి వరుస ఒక్కటి పరీక్షలో ఉంటే ఆ లోపం మొదటి రోజే బయటపడుతుంది.

ఏ డేటాబేస్‌పై పరీక్షించాలి?

యూనిట్ టెస్ట్ త్వరగా నడవాలని కొందరు అసలు డేటాబేసును వదలి, దానిని అనుకరించే ఉత్తుత్తి వస్తువును పెట్టి పరీక్షిస్తారు. దీనిని మాక్ అంటారు. ప్రోగ్రాములోని ఇతర భాగాలకు ఇది ఉపయోగకరమే. అప్‌డేట్ వాక్యానికి మాత్రం ప్రయోజనం లేదు. ఫలానా వాక్యాన్ని పంపారు అని మాక్ చెప్పగలదు గాని, ఆ వాక్యం పట్టికను ఏమి చేసిందో చెప్పలేదు. వంటకం రుచి చూడకుండా వంట పుస్తకంలోని అక్షరదోషాలను దిద్దడం వంటిది.

మరికొందరు జావాలోనే వ్రాసిన హెచ్‌2, హెచ్‌.ఎస్‌.క్యు.ఎల్‌.డి.బి. వంటి చిన్న డేటాబేసులను కంప్యూటరు జ్ఞాపకంలో నడిపి పరీక్షిస్తారు. ఇది మాక్ కన్న ఎంతో మేలు. ఐతే ఎస్‌.క్యు.ఎల్‌. ప్రమాణం ఒకటే ఐనా డేటాబేసుల నడవడి ఒకటి కాదు. తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన చిక్కును ఉదాహరణగా తీసుకొందాం. తెలుగువారి పేరులో ఇంటి పేరు ముందు వస్తుంది. ఇతర ప్రాంతాల దరఖాస్తులలో అది చివర రావాలంటారు. ఫలితంగా ఇంటి పేరు గడిలో పేరు, పేరు గడిలో ఇంటి పేరు చేరడం పరిపాటి. వీటిని తారుమారు చేయడానికి ప్రోగ్రామరు ఒకే వాక్యంలో 'ఇంటి పేరు గడిలో పేరును, పేరు గడిలో ఇంటి పేరును ఉంచుము' అని వ్రాస్తాడు. ఎస్‌.క్యు.ఎల్‌. ప్రమాణం ప్రకారం కుడివైపున ఉన్నవన్నీ పాత విలువలే. కావున రెండూ సక్రమంగా స్థానాలు మారుతాయి. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులలో అలాగే జరుగుతుంది. మై-ఎస్‌.క్యు.ఎల్‌. ఒకే పట్టికను దిద్దేటప్పుడు ఎడమనుండి కుడికి ఒక్కొక్కటిగా చేసుకొంటూ పోతుంది. మొదటి భాగం నడిచేసరికి ఇంటి పేరు గడిలోకి పేరు గడిలోని మాట వస్తుంది. రెండవ భాగం ఆ క్రొత్త మాటనే తీసుకొని పేరు గడిలో ఉంచుతుంది. రెండు గడులలోనూ ఒకే మాట మిగులుతుంది. రెండవ మాట పట్టికలో ఎక్కడా ఉండదు. దానిని తిరిగి తెచ్చే వాక్యమేదీ లేదు. అసలు పని మై-ఎస్‌.క్యు.ఎల్‌.పై జరుగుతూ, పరీక్ష మాత్రం వేరొక డేటాబేస్‌పై జరిగితే ఈ ప్రమాదాన్ని ఏ పరీక్షా పట్టుకోలేదు.

తెలుగు లిపికి సంబంధించినది ఇంకొకటి ఉన్నది. 'వేంకటేశ్వర్లు' అన్న పేరు కంటికి ఐదు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో హల్లులు, గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు అన్నీ విడివిడిగా కలిపి పదమూడు. యు.టి.ఎఫ్‌.-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్లు చొప్పున ముప్పది తొమ్మిది బైట్లు. ఒరాకిల్ డేటాబేసులో గడి పొడవును, వేరుగా చెప్పకపోతే, బైట్లలోనే కొలుస్తారు. ముప్పది అని గడి నిర్ణయిస్తే ఇంగ్లీషు లిపిలో సుఖంగా పట్టే పేరు తెలుగు లిపిలో పట్టదు. ఒరాకిల్ దానిని తిరస్కరిస్తుంది. పొడవును అక్షరాలలో కొలిచే హెచ్‌2లో అదే పరీక్ష నెగ్గుతుంది. తిరస్కరించడం ఒక విధంగా మేలే. మై-ఎస్‌.క్యు.ఎల్‌.లో కఠిన నియమం అమలులో లేనప్పుడు పట్టని భాగాన్ని కత్తిరించి, ఒక హెచ్చరికతో సరిపెడుతుంది. 2015లో వచ్చిన 5.7 నుండి కఠిన నియమమే సహజస్థితి, కాని పాత అమరికలతో నడిచేవి అందుకు మినహాయింపు. గడి పొడవు పది ఐతే, 'వేంకటేశ్వర్లు' పదవ స్థానం వద్ద తెగి 'వేంకటేశ్వర' అవుతుంది. అదీ చక్కని పేరే గనుక ఎవరికీ అనుమానం రాదు. కావున పరీక్షలోని పేర్లు ఇంగ్లీషు లిపిలోని చిన్న చిన్న పేర్లు కాక, రిజిస్టరులో నిజంగా వచ్చే రకపు పొడవైన తెలుగు పేర్లుగా ఉండాలి.

ఈ ఇబ్బందులకు విరుగుడు అసలు వాడే డేటాబేస్ రకాన్నే, అదే వెర్షనును, పరీక్షలోనూ వాడడం. 2015లో ఆరంభమైన టెస్ట్‌కంటైనర్స్ అనే జావా ఉపకరణం, పరీక్ష మొదలైనప్పుడు నిజమైన డేటాబేసును డాకర్ పెట్టెలో నడిపి, పరీక్ష ముగియగానే తీసివేస్తుంది. కొన్ని సెకన్లు ఆలస్యమైనా ఫలితాన్ని నమ్మవచ్చు.

పలకను తుడవడం

ఒక పరీక్ష దిద్దిన పట్టికపై మరొక పరీక్ష నడిస్తే రెండింటి ఫలితాలనూ నమ్మలేము. ప్రతి పరీక్షా శుభ్రమైన పలకతో ఆరంభం కావాలి. జె.డి.బి.సి. సహజంగా ప్రతి వాక్యాన్నీ వెంటనే ఖాయం చేస్తుంది. ఆ ఆటో-కమిట్ స్థితిని తొలగించి, పరీక్ష చివర రోల్‌బ్యాక్ చేస్తే పట్టిక మునుపటిలాగే నిలుస్తుంది. స్ప్రింగ్ అనే జావా చట్రంలో పరీక్షకు ట్రాన్సాక్షనల్ అన్న గుర్తు పెడితే ఈ పని దానంతట అదే జరుగుతుంది.

ఈ సౌకర్యం వెనుక మూడు గోతులున్నాయి. మొదటిది, కొన్ని నియమాలను డేటాబేస్ కమిట్ సమయంలోనే పరిశీలించేటట్లు వాయిదా వేసే వీలుంది. ఎన్నడూ కమిట్ చేయని పరీక్షకు ఆ నియమాలు ఎదురే పడవు. రెండవది, హైబర్నేట్ వంటి ఉపకరణాలు మార్పులను జ్ఞాపకంలో పోగుచేసి, అవసరమైనప్పుడు మాత్రమే వాక్యంగా పంపుతాయి. పంపకముందే రోల్‌బ్యాక్ జరిగితే అప్‌డేట్ వాక్యం నడవకుండానే పరీక్ష నెగ్గినట్లవుతుంది. ఫ్లష్ చేసి, జ్ఞాపకాన్ని ఖాళీచేసి, పట్టిక నుండి తాజాగా చదివితేనే అది పరీక్ష. మూడవది, మై-ఎస్‌.క్యు.ఎల్‌., ఒరాకిల్ డేటాబేసులలో పట్టికను సృష్టించే వాక్యం అంతవరకు జరిగినదంతా తనంతట తానే ఖాయం చేస్తుంది. పరీక్ష నడుమ అటువంటి వాక్యం వస్తే రోల్‌బ్యాక్‌కు పని మిగలదు.

ఇద్దరు ఒకేసారి దిద్దితే

ఒక వరుసను ఒక గుమాస్తా తెరపై తెరిచి చిరునామా దిద్దుతున్నాడు. అదే సమయంలో మరొక గదిలో ఇంకొకరు అదే వరుసలో పుట్టిన తేదీని దిద్ది భద్రపరిచారు. మొదటి వ్యక్తి తెరపై ఇంకా పాత తేదీయే ఉన్నది. అతడు మొత్తం వరుసను భద్రపరచగానే సరియైన తేదీ పోయి పాత తప్పు తిరిగి వస్తుంది. ఇద్దరూ తమ పని సక్రమంగానే చేశారు.

దీనికి వాడుకలో ఉన్న ఉపాయం, వరుసలో ఒక వెర్షను సంఖ్యను ఉంచడం. 'ప్రవేశ సంఖ్య ఇది, వెర్షను నేను చదివినదే' అని షరతు పెట్టి, దిద్దినప్పుడు వెర్షనుకు 1 కలుపుతారు. నడుమ ఎవరైనా దిద్ది ఉంటే వాక్యం 0 వరుసలు అని చెబుతుంది. అప్పుడు ప్రోగ్రాము ఆగి, మళ్ళీ చదివి చూడుమని గుమాస్తాకు చెప్పాలి. దీనిని పరీక్షించడం కష్టం కాదు. పరీక్షలో ఒకే వరుసను రెండుసార్లు చదివి, మొదటి ప్రతితో దిద్ది, తరువాత రెండవ ప్రతితో దిద్దబోతే ప్రోగ్రాము నిరాకరించిందో లేదో చూస్తే సరిపోతుంది.

పరీక్షకు పరీక్ష

ఎన్ని పరీక్షలు వ్రాసినా అవి లోపాలున్నాయని చూపగలవే గాని, లేవని నిరూపించలేవు. డచ్చి శాస్త్రజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఈ హెచ్చరికను 1972లో ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలోనే చేశారు. ఐనా పరీక్ష తన పని తాను చేస్తున్నదో లేదో తెలుసుకొనే సులభమైన మార్గం ఒకటి ఉన్నది. పరీక్ష నెగ్గిన తరువాత, అప్‌డేట్ వాక్యంలోని 'వేర్' భాగాన్ని కావాలని తొలగించి మళ్ళీ నడపాలి. అప్పుడు పరీక్ష ఓడిపోవాలి. కుండలీకరణాన్ని తీసివేసి చూడాలి. అప్పుడూ ఓడిపోవాలి. ఓడకపోతే ఆ పరీక్షలో మారకూడని వరుసలు లేవని అర్థం. ప్రశ్నపత్రం తయారుచేసిన ఉపాధ్యాయుడు, చదవని విద్యార్థి ఎక్కడ తప్పుతాడో చూసుకొన్నట్లే ఇది.

పరీక్ష చేయలేని పని ఒకటున్నది. నియమం ఏమిటో అది చెప్పలేదు. ఫలితం గడి ఖాళీగా ఉన్న బాలికను పై తరగతికి పంపాలా, టి.సి. తీసుకొన్నవాని వరుసను ముట్టవచ్చునా, దిద్దిన ప్రతి మాటకూ పాత మాటను వేరొక పట్టికలో తేదీతో, పేరుతో భద్రపరచాలా – వీటికి సమాధానం జావాలో లేదు. రిజిస్టరును ఇన్నాళ్ళుగా కాపాడిన ప్రధానోపాధ్యాయులు, గుమాస్తాలు మాత్రమే చెప్పగలరు. ప్రోగ్రామరు వారి వద్ద కూర్చొని, ఎర్ర సిరా ఎప్పుడు వాడతారో, ఎప్పుడు వాడరో అడిగి తెలుసుకొని, ఒక్కొక్క సమాధానానికి ఒక్కొక్క వరుసను పరీక్షలో చేర్చాలి. ఆ విధంగా వ్రాసిన పరీక్ష, వారు పదవీ విరమణ చేసిన తరువాత కూడా ఆ నియమాన్ని జ్ఞాపకం ఉంచుతుంది.

ఈ సభలో కూర్చున్న పిల్లలలో కొందరు రేపు ఈ వృత్తిలోకి వస్తారు. వారి చేతి క్రింద ఏదో ఒక ఊరి రిజిస్టరు ఉంటుంది. అందులో తమకు తెలియని భాషల పేర్లు, ఎన్నడూ చూడని పిల్లల పుట్టిన తేదీలు ఉంటాయి. వాటిని దిద్దే వాక్యం వ్రాసినప్పుడు అది దిద్దవలసిన వరుసను దిద్దిందా అని ఒకసారి, తక్కిన వరుసలను ముట్టకుండా విడిచిందా అని మరొకసారి పరీక్షించడం వారి బాధ్యత. ఆ రెండవ ప్రశ్నను మరువకుంటే చాలు.